ఉత్తరం చివర రెండు పంక్తులు

పిల్లలూ! మీరు రాసే ఉత్తరాలను నేను చివరినుంచి మొదటికి చదువుతాను. ఇదేం వింత అలవాటని నవ్వకండి. వైద్యం చేసిన రోజుల్లో అబ్బిన అలవాటు ఇది. రోగి వచ్చి కూర్చుని తన జలుబు గురించి పావుగంట చెబుతాడు. మందుచీటీ పుచ్చుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "అన్నట్టు డాక్టరుగారూ, నిన్న మెట్లెక్కుతుంటే గుండెల్లో పట్టేసినట్టయింది" అంటాడు. అసలు సంగతి ఆ గుమ్మం దగ్గరి మాటలోనే ఉంటుంది. ఉత్తరాలూ అంతే.

ఈమధ్య గురజాల దగ్గరి పల్లెటూరినుంచి ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె నాలుగు పేజీల ఉత్తరం రాసింది. మూడున్నర పేజీలు తన పళ్లమీది మచ్చల గురించే. ముందుపళ్ల మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలూ, వాటి మధ్య టీ మరకలాంటి గోధుమరంగు మచ్చలూ ఉన్నాయట. ఉప్పుతో తోమింది. బొగ్గుతో తోమింది. నిమ్మచెక్కతో రుద్దింది. ఏంచేసినా పోలేదు. బడిలో అందరికీ ఫోటో తీస్తే, పాపం, ఆ పిల్ల ఒక్కతే పెదవులు బిగించి నిలబడింది. "నేను వెంటనే పళ్ల డాక్టరు దగ్గరికి పోవాలా? ఆలస్యం చేస్తే నా పళ్లన్నీ ఊడిపోతాయా?" అని అడిగింది.

సంతకం పెట్టాక, చోటు చాలక కాగితం అంచున, చిన్న అక్షరాలతో ఇంకో రెండు పంక్తులు ఉన్నాయి:

"మా తమ్ముడికి పదేళ్లు. మూడు రాత్రులు పన్ను నొప్పని ఏడ్చాడు. ఇప్పుడు నొప్పి పోయింది గాని బుగ్గ వాచింది. నొప్పి పోయింది గనక వాపు కూడా అదే పోతుందని నాయనమ్మ అంటున్నది."

నేను ఉత్తరం బల్లమీద పడేసి ఫోను తీశాను. మాకు ఉత్తరం రాసే పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల ఫోను నంబరు కూడా రాయాలని మేము ఎందుకు పట్టుబడతామో ఇప్పటికైనా తెలిసిందా?

ఫోను నాయనమ్మే ఎత్తింది. అబ్బాయి తండ్రి మిరపచేలో ఉన్నాడట. ఫోను ఛార్జింగు పెట్టి మరిచిపోయి వెళ్లాడు.

"పిల్లవాడు ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాను.

"బాగానే ఉన్నాడయ్యా. నొప్పి లేదంటున్నాడు. పడుకున్నాడు."

"పట్టపగలు పదేళ్ల కుర్రాడు పడుకోవడమేమిటి?"

"ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది."

"అన్నం తిన్నాడా?"

"నోరు పెద్దగా తెరుచుకోవడంలేదు. కాసిని మజ్జిగ తాగించాం."

"వాడి చేతివేళ్లే, మూడు వేళ్లు కలిపి, ముందుపళ్ల మధ్య నిలువుగా పెట్టుకోమనండి. పడతాయేమో చూడండి."

కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. తరవాత ముసలమ్మ గొంతు మారింది. "ఒక్క వేలే పడుతున్నదయ్యా!"

"వాపు ఎక్కడిదాకా ఉంది?"

"నిన్న బుగ్గమీదే ఉంది. ఇవాళ దవడకిందికి దిగింది."

"ఉమ్మి మింగుతున్నాడా? ఊపిరి బాగా ఆడుతున్నదా?"

"మింగుతున్నాడు. ఊపిరికేం ఇబ్బంది లేదు."

"అయితే ఇప్పుడే బయలుదేరండి. సాయంత్రందాకా ఆగవద్దు. నరసరావుపేట పెద్దాసుపత్రికి తీసుకుపోండి. బండి దొరక్కపోతే 108కి ఫోను చెయ్యండి. దారిలో ఉమ్మి మింగలేక చొంగ కార్చినా, ఊపిరి బరువుగా తీసినా, ఏ ఆసుపత్రి దగ్గరగా ఉంటే అందులోకి వెళ్లండి."

"నొప్పి లేదు గదయ్యా!" అన్నది ఆవిడ ఇంకా నమ్మలేక.

ఈ మాట అన్నందుకు మీరు నాయనమ్మను తప్పుపట్టకండి. ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. ముల్లు తీస్తే నొప్పి పోతుంది. కడుపునొప్పీ, తలనొప్పీ అంతే. నొప్పి పోయిందంటే జబ్బు పోయిందనే లెక్క చాలాచోట్ల సరిపోతుంది. పంటి దగ్గర మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది. ఎందుకో చెబుతాను, వినండి.

పన్ను రాతిముక్కలాంటిదని మీరు అనుకుంటారు. నిజానికి అది ఇల్లులాంటిది. పైన ఎనామిల్ అనే పొర ఉంటుంది. మన ఒంట్లో ఎముకకన్న కూడా గట్టిది అదే. దాని లోపల ఇంకో గట్టి గోడ. ఆ గోడకు లోపల చిన్న గది. ఆ గదిలో మెత్తటి గుజ్జు, సన్నటి రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పిప్పిపన్ను అంటే సూక్ష్మజీవులు తయారుచేసే ఆమ్లం పైగోడను కొద్దికొద్దిగా కరిగించి గదిలోకి దారి చెయ్యడమే. అవి లోపలికి చేరగానే గుజ్జు వాస్తుంది. కాలికి దెబ్బతగిలి వాస్తే చర్మం సాగి చోటు ఇస్తుంది. ఈ గదికి నాలుగువైపులా రాతిగోడలాయె. వాచేందుకు చోటేది? ఆ ఒత్తిడంతా నరంమీద పడుతుంది. అందుకే పంటినొప్పి అంత దారుణంగా ఉంటుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరుతుంది గనక రాత్రిళ్లు మరీ ఎక్కువ.

రెండు మూడు రోజులకు ఆ గుజ్జు చచ్చిపోతుంది. దానితోపాటు నరమూ చస్తుంది. చచ్చిన నరం నొప్పి చెప్పదు. "అమ్మయ్య, తగ్గింది" అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సరిగ్గా ఆ సమయంలోనే సూక్ష్మజీవులు పంటివేరు కొసన ఉన్న సన్నని రంధ్రంగుండా దవడ ఎముకలోకి దిగుతుంటాయి. ఎముకలో చీము చేరి, దాన్ని తొలుచుకుని, బుగ్గలోకో దవడకిందికో వస్తుంది. అక్కడ చర్మం మెత్తన గనక చోటు దొరుకుతుంది. ఒత్తిడి తగ్గుతుంది. నొప్పి ఇంకా తగ్గుతుంది. అంటే కావలివాడు కేకలు మానింది దొంగ పారిపోయినందువల్ల కాదన్నమాట. కావలివాణ్ణి చంపి దొంగ ఇంట్లో ప్రవేశించాడు.

పంటిచీము ప్రాణం తీస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. 1662లో జాన్ గ్రౌంట్ అనే ఆయన లండను నగరంలో చావుల పట్టీలన్నీ పోగుచేసి, ఏ కారణంవల్ల ఎంతమంది పోయారో లెక్క తీసి పుస్తకం అచ్చువేశాడు. అందులో ప్లేగు, మశూచి, క్షయ మొదలైన మహమ్మారులతోపాటు "పళ్లు" అనే కారణం కూడా ఉంది. పళ్లు వచ్చే వయసులో పోయిన పసిపిల్లలను కూడా అందులోనే కలిపేశారు గనక ఆ లెక్కంతా పంటిచీముది అనలేం. అయినా చావుకు పళ్లు కారణం కావచ్చునని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. తరవాత 1836లో జర్మనీలో లుడ్విగ్ అనే వైద్యుడు ఒక భయంకరమైన వాపును వర్ణించాడు. అది దవడకింద రెండువైపులా చెక్కలాగా గట్టిపడుతుంది. నాలుకను పైకి ఎత్తేస్తుంది. గొంతు మూసుకుపోయి రోగికి ఊపిరి ఆడదు. ఇప్పటికీ ఆ జబ్బుకు ఆయన పేరే ఉంది. చాలాసార్లు దానికి మూలం కింది దవడపన్ను ఒకటి పుచ్చిపోవడమే. పెనిసిలిన్ వంటి మందులు రాకముందు అది వచ్చినవాళ్లలో సగంమందికి పైగా చచ్చిపోయేవారు. ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనిపెట్టింది 1928లో. అది రోగులకు అందింది 1940 దాటాక. కనక మన ముత్తాతల కాలంలో ఈ మందే లేదు.

ఇప్పుడు మందు ఉంది. కత్తి ఉంది, డాక్టరు ఉన్నాడు. లేనిదల్లా సమయమే. అందుకే ఫోనులో ఆ ప్రశ్నలన్నీ అడిగాను. ఆ ప్రశ్నలు మీరూ గుర్తుంచుకుని, ఇంట్లో ఎవరికైనా బుగ్గ వాచినప్పుడు అడగండి. జ్వరం ఉందా? మూడు వేళ్లు పట్టేటంత నోరు తెరుచుకుంటున్నదా? వాపు కంటిదాకా ఎక్కిందా, లేక దవడకిందికీ మెడకూ దిగిందా? పూటపూటకూ పెరుగుతున్నదా? వీటిలో ఏ ఒక్కదానికి "అవును, ఇబ్బందిగా ఉంది" అని జవాబు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఉమ్మి మింగలేకపోయినా, నోట్లో వేడిముద్ద పెట్టుకున్నట్టు మాట ముద్దగా వచ్చినా, ఊపిరి కష్టమైనా రోజు కాదు, నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. అప్పుడు పళ్ల డాక్టరుకోసం వెతకనక్కరలేదు. పెద్ద ఆసుపత్రి ఏదైనా సరే.

ఈలోపల చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి. బుగ్గకు ఉప్పుమూటతో వేడి కాపడం పెట్టకూడదు. సూదితో గడ్డను పొడవకూడదు. నొప్పిబిళ్లను నలిపి చిగురుమీద పెడితే చిగురు కాలిపోతుంది. కర్పూరంతోనూ అంతే. పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. ఎప్పుడో ఎవరికో తెచ్చి అలమరలో దాచిన మందుబిళ్లలు రెండు మింగించి "చూద్దాం" అనడం అన్నిటికన్న చెడ్డది. వాపు కొంచెం తగ్గినట్టు కనిపించి, పన్ను లోపల చీము అలాగే ఉండిపోతుంది.

సరే, మన కుర్రవాడి సంగతి. ఆ సాయంత్రమే వాణ్ణి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నరంద్వారా మందు ఎక్కించారు. మర్నాడు నోరు కాస్త తెరుచుకున్నాక పన్నుకు పైనుంచి రంధ్రం చేసి చీముకు దారి ఇచ్చారు. మూడోరోజుకు వాడు ఇడ్లీ కావాలని గొడవ చేశాడట. ఆ తరవాత రెండు మూడుసార్లు తిప్పి వేరు శుభ్రంచేసి, పన్ను పోకుండా పూడ్చారు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ పన్నుకు ఏడాదికిందటే చిన్న నల్లటి గుంట పడింది. ఇంట్లో వాళ్లు చూడకపోలేదు. "పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుంది" అనుకున్నారు. అది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో, పాలపళ్లన్నిటికీ వెనక, ఒక్క పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను ఒకటి వస్తుంది. పైన రెండు, కింద రెండు. ఏ పన్నూ ఊడలేదు గనక అది కొత్తదని ఎవరికీ తెలియదు. చడీచప్పుడూ లేకుండా వచ్చి వెనక కూర్చుంటుంది. అది ముసలితనందాకా ఉండవలసిన పన్ను. మీలో ఆరేళ్లు దాటినవాళ్లు ఇప్పుడే అద్దం ముందుకు పోయి నోరు తెరిచి చూసుకోండి. ముందుపళ్ల మధ్యనుంచి వెనక్కి లెక్కపెడితే ఆరోది. పోయి చూసిరండి, నేను ఆగుతాను.

అన్నీ ఇంత ప్రాణంమీదికి రావు. చల్లనీళ్లు తాగినప్పుడు జివ్వుమని, వెంటనే పోయే నొప్పికి ఈ నెలలో ఎప్పుడైనా వెళ్లవచ్చు. వేడి తగిలి మొదలైన నొప్పి అరగంటైనా వదలకపోతే, రాత్రి నిద్రలేపితే, రేపో ఎల్లుండో వెళ్లాలి. తోముకునేటప్పుడు చిగుళ్లు రక్తం చిందితే పరుగెత్తనక్కరలేదు గాని మరిచిపోనూ కూడదు. పాలపన్ను దానంతట అది కదిలితే డాక్టరుతో పనేలేదు. పన్ను తీయించుకున్నచోట రక్తం ఆగకపోతే శుభ్రమైన గుడ్డను మడిచి, దానిమీద గట్టిగా కరిచి ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు! అప్పటికీ ఆగకపోతే బయలుదేరాలి.

దెబ్బ తగిలి పన్ను ఊడితే మాత్రం వేరే కథ. ఇది నా చిన్ననాటి అనుభవం, కాస్త సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

నరసరావుపేట దగ్గర కోటప్పకొండ తిరనాళ్లు ఎరగని పల్నాటి పిల్లవాడు ఉండడు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లనుంచి తాటిచెట్లకన్న పొడుగైన ప్రభలు కదిలివస్తుంటే ఎవరికైనా మెడ నొప్పి పుట్టవలసిందే. మేమిద్దరం స్నేహితులం, పదేళ్లవాళ్లం, అలాగే మెడలెత్తి నడుస్తున్నాం. నా స్నేహితుడు ముందున్న బండిని చూసుకోలేదు. దాని కొయ్య మూతికి తగిలి ముందుపన్ను ఒకటి, వేరుతోసహా, ఊడి దుమ్ములో పడింది. రక్తం కారుతుంటే వాడు ఏడవలేదు. పన్నును వెతికి పట్టుకున్నాడు. నేను, పెద్ద తెలివిగలవాణ్ణి, దాన్ని ఇసకతో తెల్లగా తోమి, చొక్కాకొసతో తుడిచి, కాగితంలో పొట్లం కట్టి వాడి జేబులో పెట్టాను. ఇంటికి పోయాక పేడముద్దలో పెట్టి ఇంటికప్పుమీదికి విసిరేశాం. పాలపన్ను ఊడినప్పుడు అలాగే చేసేవాళ్లం మరి! కొత్తపన్ను వస్తుందని నెలలతరబడి ఎదురుచూశాం. అది రాలేదు. పదేళ్లవాడి ముందుపన్ను పాలపన్ను కాదని మాకు చెప్పినవాళ్లు లేరు.

ఊడిన పన్నును తిరిగి అదే గుంటలో పెడితే అతుక్కుంటుందని మీకు తెలుసా? అయితే గడియారం చూసుకోవాలి. వేరుచుట్టూ కంటికి కనపడని మెత్తటి దారాలూ, వాటిలో జీవకణాలూ ఉంటాయి. అవే పన్నును ఎముకకు పట్టి ఉంచేవి. ఆరిపోతే అవి గంటలోపల చచ్చిపోతాయి. డెన్మార్కులో ఆండ్రియాసెన్ అనే పళ్ల వైద్యుడూ, ఆయన సహచరుడూ ఇలా తిరిగిపెట్టిన పళ్లను చాలాకాలం గమనించి 1966లో ఫలితాలు ప్రకటించారు. అరగంటలోపల పెట్టిన పళ్లలో పదింట తొమ్మిది వేరు కరగకుండా నిలిచాయి. రెండుగంటలు దాటాక పెట్టినవాటిలో దాదాపు అన్నిటికీ వేళ్లు కరిగిపోయాయి. నేను ఇసకతో తోమింది ఆ జీవకణాలనే!

కనక పన్ను ఊడితే దాని తెల్లటి తలభాగం పట్టుకోండి. వేరును ముట్టుకోకండి. దుమ్ము ఉంటే పాలతో ఒకసారి తొలచండి, రుద్దవద్దు. పెద్దవాళ్లు ధైర్యంచేసి వెంటనే గుంటలో పెట్టి, మెత్తటిగుడ్డ కరిపించి డాక్టరు దగ్గరికి తీసుకుపోతే అంతకన్న మేలు లేదు. అంత ధైర్యం లేకపోతే గ్లాసులో చల్లటి పాలు పోసి అందులో వెయ్యండి. నీళ్లలో వద్దు. మామూలు నీళ్లలో ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. తిరనాళ్లలో పాలు ఎక్కడ దొరుకుతాయంటారా? టీకొట్టులో కాచకముందు పాలు అడగండి! పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు. లోపల ఉన్న కొత్తపన్నుకు దెబ్బ తగులుతుంది. పాలపన్నో కాదో తేల్చుకోలేకపోతే పాలలో వేసి తీసుకుపోండి. డాక్టరు తేలుస్తాడు. పన్ను విరిగి మధ్యన ఎర్రటి చుక్క కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి, విరిగిన ముక్క కూడా తీసుకుని. దెబ్బతరవాత పైపళ్లూ కిందిపళ్లూ మునుపటిలా కలవకపోతే దవడ ఎముక విరిగి ఉండవచ్చు. పిల్లవాడు స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా పన్నును వదిలెయ్యండి, తలసంగతి ముందు చూడాలి.

ఇక ఆ అమ్మాయికి జవాబు బాకీ పడ్డాను. అడిగినదాన్ని వదిలిపెట్టి అడగనిదాన్ని గురించి ఇంతసేపు రాశానని అలగకమ్మా!

నీ మచ్చలకు చరిత్ర ఉంది. 1901లో మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి వచ్చి, ఆ ఊరి పిల్లలకు గోధుమరంగు పళ్లు ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు. ఏమి తినడంవల్ల వచ్చాయో ఎవరికీ తెలియదు. ఆయన ముప్ఫయ్యేళ్లు ఆ మచ్చల వెంట పడ్డాడు. తాగేనీటిలోనే ఏదో ఉన్నదని పట్టుకున్నాడు గాని అదేమిటో తేలలేదు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అటువంటి నీటిని పరీక్షించి ఫ్లోరైడ్ ఉందని కనిపెట్టాడు. ఇది జరిగిన ఆరేళ్లకు, 1937లో, మన పక్కనే అదే కథ బయటపడింది. షార్ట్ అనే వైద్యుడూ, సహచరులూ మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో, నీటి ఫ్లోరైడ్‌వల్ల పళ్లూ ఎముకలూ చెడినవాళ్లను చూసి లోకానికి తెలియజేశారు. పల్నాటికి పొరుగున ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే. రాళ్లలో ఉన్న ఫ్లోరైడ్ లోతు బోరునీళ్లలోకి కరుగుతుంది. మన పల్నాటిలోనూ కొన్ని ఊళ్ల బోర్లలో అది ఎక్కువ. 1967లో నాగార్జునసాగరు కాలవల్లోకి నీళ్లు వదిలాక కాలవనీళ్లు అందిన ఊళ్లకు బాధ తగ్గింది. అందనివాళ్లకు బోరే గతి.

నీ ముందుపళ్ల ఎనామిల్ నీకు అయిదేళ్లు వచ్చేసరికే, అవి ఇంకా చిగురు లోపల ఉండగానే, తయారైపోయింది. మచ్చ అప్పుడే పడింది. ఇప్పుడు బొగ్గుతో రుద్దినా, నిమ్మచెక్కతో రుద్దినా పోదు. పైగా నిమ్మపులుసు మంచి ఎనామిల్‌ను తినేస్తుంది, వెంటనే మానెయ్యి. మచ్చలవల్ల పళ్లు ఊడిపోవు. పెద్దయ్యాక కావాలంటే డాక్టరు వాటిని కనపడకుండా చెయ్యగలడు. వచ్చే ఏడైనా, పదేళ్లకైనా అవి అక్కడే ఉంటాయి, తొందరేమీ లేదు. ఈసారి ఫోటోలో నోరు తెరిచి నవ్వు.

అయితే నీ ఉత్తరం రెండో పేజీలో, మధ్యన, ఇంకో మాట ఉంది. మీ పిన్ని కూతురికి ఎనిమిది నెలలనీ, ఆ పాపకు పాలపొడి కలిపి పడుతున్నారనీ రాశావు. ఏ నీళ్లతో కలుపుతున్నారు? ఆ పాప ముందుపళ్లు ఇప్పుడే, ఈ నెలల్లోనే, చిగురు లోపల తయారవుతున్నాయి. నీకు తొందరలేని పని ఆ పాపకు తొందరపని. మన దేశపు లెక్క ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నరదాకా సహించవచ్చు. కాచినంతమాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. బోరునీళ్లు సీసాలో పట్టి, పంచాయతీవాళ్ల ద్వారా గ్రామీణ నీటిసరఫరా శాఖ పరీక్షశాలకు పంపించమని మీ నాన్నగారితో చెప్పాను. అది తేలేవరకు పాపకు కాలవనుంచి వచ్చే కుళాయినీళ్లు కాచి వాడమన్నాను.

మొన్న ఆ అమ్మాయి రెండో ఉత్తరం వచ్చింది. అలవాటు ప్రకారం చివరినుంచే చదివాను. "నీళ్ల సీసా పంపించాం. జవాబు ఇంకా రాలేదు. తమ్ముడు రోజూ అద్దంలో ఆరోపన్ను చూసుకుంటున్నాడు. నాయనమ్మ వీధిలో ఎవరికి బుగ్గ వాచినా మూడు వేళ్లు పెట్టి చూపించమంటున్నది" అని ఉంది.